ప్రింటరుకి ముర్రాట

సూర్యకళ కుళాయి దగ్గర్నుంచి బిందె మోసుకొచ్చి గుమ్మంలో అడుగు పెట్టేసరికి ప్రింటరు ఒంటినిండా పసుపునీళ్ళు కారుతున్నాయి.

బల్ల మీంచి నేల మీదికి ధార. దాని మీద ఎప్పుడూ కప్పి ఉంచే పాత చీరముక్క శుభ్రంగా మడతపెట్టి పక్కన ఉంది. కాగితాలు పెట్టేచోట ఒక వేపమండ గుచ్చి ఉంది. పక్కనే నేల మీద, ఖాళీ చెంబు ఒళ్ళో పెట్టుకుని, పక్కింటి గంగాలమ్మ కళ్ళు మూసుకుని దండం పెడుతోంది. అప్పటికి స్విచ్చి వేసే ఉంది. ముసలామెకి షాకు కొట్టలేదు. ఆ రోజు జరిగిన మంచి ఏదైనా ఉందంటే అదొక్కటే.

సూర్యకళ బిందె అక్కడే దించేసి పరుగున వెళ్ళి ప్లగ్గు పీకేసింది.

"ఏటి పిన్నీ ఇది! ఏటి సేసినావే తల్లీ!"

"ఏటీ సెయ్యలేదమ్మీ. ముర్రాట పోసినాను. సల్లబడతాదిలే," అంది గంగాలమ్మ, పొయ్యి మీద పాలు దించినంత మామూలుగా.

ముర్రాట అంటే పసుపు కలిపి వేపాకు వేసిన నీళ్ళు. అమ్మవారు కోపంగా ఉందని తోస్తే ఈ జాలర్ల పేట ఆడవాళ్ళు బిందెలతో ముర్రాట పట్టుకెళ్ళి గుడిముందు పోసి, తల్లీ చల్లబడు, మా వాళ్ళని చల్లగా చూడు అని మొక్కుతారు. అమ్మవారికి పోస్తారు, సరే. ప్రింటరుకి పోసిన మనిషి ఈ విశాఖపట్నం మొత్తం మీద గంగాలమ్మ ఒక్కతే అయి ఉంటుంది. వేరేవాళ్ళ ఇంట్లో జరిగిన సంగతైతే సూర్యకళ కూడా పొట్ట పట్టుకుని నవ్వి ఉండేది. కానీ ఆ ముర్రాట ఎందుకు పోసిందో ఆమెకి తెలుసు. నవ్వు రాలేదు సరికదా, తిట్టడానికి నోరు కూడా రాలేదు.

గంగాలమ్మ ఒక్కగానొక్క కొడుకు గణేష్ సముద్రంలో కనబడకుండా పోయి అప్పటికి నెల దాటింది. చేపల వేట మీద నిషేధం ఎత్తేశాక హార్బరు నుంచి వెళ్ళిన మొదటి బోట్లలో అతని బోటు ఒకటి. తెల్లారి వల లాగుదామని బోటులో పనిచేసే కళాసీలందరినీ లేపితే గణేష్ పరుచుకున్న గోనె ఉంది, గణేష్ లేడు. ఎప్పుడు లేచాడో, ఎటు జారాడో చూసినవాడు లేడు. ఆ నీళ్ళల్లోనే గుండ్రంగా తిరిగి తిరిగి, చుట్టుపక్కల బోట్లకి వైర్‌లెస్‌లో చెప్పి చెప్పి, డీజిలు అడుగంటాక ఒడ్డుకొచ్చారు. కాలి చెప్పు కూడా దొరకలేదు. ఆ బోటు నడిపిన డ్రైవరు సింహాద్రి. సింహాద్రి సూర్యకళ మొగుడు.

అదీ సంగతి. ఒకే బోటెక్కి వెళ్ళిన వాళ్ళలో సూర్యకళ మొగుడు ఇంటికొచ్చాడు, పక్కింటి గంగాలమ్మ కొడుకు రాలేదు. ఆ మాట గంగాలమ్మ ఇప్పటిదాకా ఒక్కసారి కూడా పైకి అనలేదు. అని ఉంటే ఎంత బాగుండేది! వీధిలో నిలబడి నాలుగు తిట్లు తిట్టి, గుమ్మంలో ఇసక ఎత్తి పోసి ఉంటే సూర్యకళకి కాస్త ఊపిరి ఆడేది. ముసలామె మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి, "మీ ఆయన కూడు తిన్నాడా అమ్మీ?" అని అడిగి వెళ్ళేది.

పేటలో శరీరం దొరకని చావుకి ఫొటోయే శరీరం. పీట మీద ఫొటో పెట్టి, దాని మీదే నీళ్ళు చిలకరించి, దానికే దండ వేసి, ఒడ్డుకి మోసుకెళ్ళి చెయ్యాల్సినవన్నీ చేస్తారు. ఆ ఫొటో వచ్చేదాకా మనిషి పోయినట్టు కాదు. పెళ్ళాం బొట్టు తియ్యదు, తల్లి గొంతెత్తి ఏడవదు. ఫొటో వచ్చిందంటే మరి అయిపోయినట్టే.

ఆ ఫొటోలన్నీ సూర్యకళ ప్రింటరులోంచే వచ్చేవి.

సూర్యకళ ఈ ఒడ్డున పుట్టిన పిల్లే గానీ పెరిగింది గోపాలపట్నంలో, మేనత్త దగ్గర. అక్కడే పదో తరగతి చదివి, ఒక ఇంటర్నెట్ సెంటరులో పనికి కుదిరి, టైపింగు, జెరాక్సులు, ఫొటోలు అన్నీ నేర్చుకుంది. సింహాద్రిని చేసుకుని పేటకొచ్చాక అత్త ఆమెని చేపల గంప ఎత్తమంది. ఎత్తింది పాపం. కానీ బేరం చెయ్యడం చేతకాక, అడిగినవాళ్ళకి అడిగిన ధరకి ఇచ్చేసి వచ్చేది. గంప ఎత్తడం రాని కోడలని అత్త బతికున్నన్నాళ్ళూ దెప్పింది. కడుపు పండలేదని పేట దెప్పింది. సూర్యకళ ఎవరికీ ఎదురు చెప్పే మనిషి కాదు. మింగి ఊరుకునేది.

కరోనా వచ్చి బయట షాపులన్నీ మూసేసినప్పుడు, మొగుడి చేత ఈ ప్రింటరు కొనిపించింది. నాలుగు రంగుల ఇంకు సీసాలు పోసుకునే రకం. మొదట్లో పిల్లల బడి కాగితాలు, తరవాత ఆధార్ నకళ్ళు, వేటకెళ్ళేవాళ్ళ బోటు కార్డులకి ఫొటోలు. పేటవాళ్ళకి పైరోడ్డు దాకా ఎక్కే పని తప్పింది. గంప ఎత్తలేని కోడలు కాస్తా ప్రింటరు సూర్యకళ అయింది. ఉప్పుగాలికి ఇనప కిటికీ ఊచలే పొడి రాలిపోయే ఇంట్లో, ఆ ప్రింటరుకి తుప్పు తగలకుండా రోజుకి రెండుసార్లు తుడిచి, చీరముక్క కప్పి, వాన పడితే ముందు దాన్ని గోడ నుంచి జరిపి, చంటిపిల్లని సాకినట్టు సాకింది.

కరోనాలో పోయినవాళ్ళు, తాగి పోయినవాళ్ళు, అలకి పోయినవాళ్ళు... అందరి ఫొటోలూ ఆ ప్రింటరే ఇచ్చింది. బతికున్నవాళ్ళ కాగితాలు దానికి పదింతలు ఇచ్చింది. అయినా ఆధార్ జెరాక్సు ఎవడికి గుర్తుంటుంది? గోడకెక్కి దండేసుకున్న ఫొటో గుర్తుంటుంది. ఆ మిషను మంచిది కాదన్న మాట మెల్లగా పేటలో పుట్టింది. సూర్యకళ చెవిన కూడా పడింది. అందరూ మాటతో సరిపెట్టుకున్నారు, గంగాలమ్మ నమ్మింది.

"ఆ మిషను నోట్లోంచి ఒచ్చినోడు మరింటికి రాలేదమ్మీ," అంది ఆ పొద్దున, నేల తుడుస్తున్న సూర్యకళతో. "దానికి ఆకలెక్కువ. సల్లబడితే నా కొడుకు జోలికి రాదు. ఆడెక్కడో ఒడ్డెక్కే ఉంటాడు. ఏ ఒరిస్సా పక్కకో కొట్టుకెళ్ళిపోయుంటాడు. నేదంటే బంగ్లాదేశోల్లు పట్టుకెల్లుంటారు. ఇంతకుముందు పట్టుకెల్లి ఇడిసిపెట్టలేదేటి?"

సూర్యకళ ఏమంటుంది? "అవును పిన్నీ," అంది.

మర్నాడు ప్రింటరుని దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ద్వారకానగర్ తీసుకెళ్ళింది. రిపేరు చేసేవాడు నాలుగు మరలు విప్పి మూత ఎత్తి, ముక్కు చిట్లించాడు. పట్టకారుతో లోపల్నుంచి ఒక వేపాకు తీసి వెలుగులో పెట్టి చూశాడు.

"ఇదేంటండీ?"

"గాలికి పడిందండి," అంది సూర్యకళ తల దించుకుని.

"ఈ పసుపు కూడా గాలికే పడిందా?" అని నవ్వి, ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. "బోర్డు కాలిపోయిందమ్మా. హెడ్డు కూడా పోయింది. దీనికి పెట్టే ఖర్చుతో కొత్తదే వచ్చేస్తుంది. ఇది ఇంక వదిలెయ్యండి."

వదిలెయ్యలేదు. మళ్ళీ దుప్పట్లో చుట్టుకుని ఇంటికి తెచ్చి, అదే బల్ల మీద పెట్టి, అదే చీరముక్క కప్పింది. కావాలంటే రెండు రోజుల్లో కొత్తది తెచ్చుకునేది. తెచ్చుకోలేదు. ఎవరైనా కాగితం పట్టుకుని గుమ్మంలోకి వస్తే, "బాగవ్వలేదమ్మా, పైరోడ్డుకి ఎల్లండి," అని పంపేసేది. ఇంట్లో రోజూ వచ్చే నాలుగు రాళ్ళు ఆగిపోయాయి. సింహాద్రి అసలు బోటే ఎక్కడం లేదు. అయినా తెచ్చుకోలేదు. ఆ ప్రింటరు చచ్చి పడున్నన్నాళ్ళూ గణేష్ బతికున్నట్టే కదా అని గంగాలమ్మ పొద్దున్నే వచ్చి, చీరముక్క ఎత్తి చూసి, నిశ్చింతగా వెళ్ళేది. నెల రోజుల్లో మొదటిసారి ఆ ముసలామె కడుపునిండా అన్నం తిన్నదీ అప్పుడే. ఆ అన్నం ముద్ద నోటి దగ్గర లాగెయ్యడానికి సూర్యకళకి చేతులు రాలేదు.

కానీ పక్కింట్లో గంగాలమ్మ ఒక్కతే లేదుగా. కోడలు దేవి కూడా ఉంది. గణేష్ పెళ్ళాం. రొయ్యల కంపెనీలో పని. ఆ పిల్ల ఒకరోజు పని నుంచి వస్తూ, ఐసునీళ్ళకి పాలిపోయిన చేతులు చీరకి తుడుచుకుంటూ నేరుగా సూర్యకళ దగ్గరికే వచ్చింది.

"వొదినా, పెద్దలు కూకున్నారు. తవిటయ్య తాత కర్మకి రోజు పెట్టీసినాడు. వచ్చే లక్ష్మివారం."

తవిటయ్య పేటకి పెద్ద. ఆయన రోజు పెట్టాడంటే మార్పు ఉండదు.

"మీ అత్తకి సెప్పినారా?"

"సెప్పినారు. ఫొటో ఏదిరా అంది. మిషను పాడైపోనాది, ఫొటో ఎలగొస్తాదీ అని నవ్వింది వొదినా! నవ్వింది!" దేవి గుమ్మంలోనే కూలబడింది. "నువ్వు ఆయన్ని బోటు కార్డుకి తీసినావు గదా, నీలం గోడ కాడ. అది నా ఫోనుకి పంపీ. జగదాంబ సెంటర్లో తీయించీసుకుంటాను."

అడిగింది న్యాయమైన మాట. ఇంట్లో గణేష్‌వి వేరే ఫొటోలు లేవా అంటే, పెళ్ళివి ఉన్నాయి. అన్నింటిలోనూ బాసికం, పూలు, పక్కన దేవి. బతికున్న మనిషి పక్కనున్న ఫొటోకి దండ వెయ్యరు. అతని ఫోను అతనితోనే పోయింది. తేటగా ఉన్న ఫొటో అంటే సూర్యకళ తీసిందొక్కటే. నవ్వకురా, కార్డుకి నవ్వకూడదురా అంటే మూతి బిగబట్టాడు గానీ కళ్ళల్లో నవ్వు ఆగలేదు. ఆ ఫొటో సూర్యకళ ఫోనులో ఉంది. నొక్కితే క్షణంలో దేవికి చేరిపోతుంది.

"అది మిషన్లో ఉండిపోనాదే దేవీ," అంది సూర్యకళ. "ఫోన్లో లేదు. మిషను బాగైతేగాని రాదు."

ఎందుకలా అందో, అన్నాక ఆమెకే తెలియలేదు. దేవి లేచి వెళ్ళిపోయింది.

గోడవార కూర్చుని వలకి ముడి వేస్తున్న సింహాద్రి అంతా విన్నాడు. "ఎందుకలా సెప్పినావు?" అన్నాడు తల ఎత్తకుండా.

"మరేటి సెప్పాల? ఆ ముసల్దాని మొగం సూసినావా నువ్వు?"

"ఆడు లేడే." అతని చేతిలో దారం ఆగిపోయింది. "ఆ నీళ్ళు నాకు తెల్దా? ఆ పోటు నాకు తెల్దా? అక్కడ పడినోడు తేలడు. ఆ పిల్లని ఎన్నాళ్ళు అలగుంచుతారు? బొట్టుందో నేదో తెలీకుండా?"

"నువ్వు సెప్పు మరి, ఎల్లి పిన్నికి! డ్రైవరువి నువ్వే గదా!"

ఆ మాట అనేశాక సూర్యకళ నాలిక కరుచుకుంది. సింహాద్రి వల అక్కడే వదిలేసి లేచి బయటికి వెళ్ళిపోయాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి మొగుణ్ణి అంత మాట అన్నది లేదు. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

అబద్ధం ఊరికే పడి ఉంటే ఏ గొడవా లేకపోను. దేవి ఇంటికెళ్ళి కడుపుమంట ఆపుకోలేక అత్త మీద విరుచుకుపడింది. నీ కొడుకు ఫొటో ఆ మిషన్లోనే ఉంది, ఉన్న ఒక్కటీ అదే, నువ్వే నీళ్ళు పోసి నాశనం చేశావని మొహం మీదే అనేసింది.

మర్నాడు పొద్దున్నే సూర్యకళ పెరట్లో మొహం కడుక్కుని లోపలికి వచ్చేసరికి బల్ల మీద ప్రింటరు లేదు. కంగారుగా బయటికొచ్చింది. ఇంటిముందు, చేపలు ఎండబెట్టుకునే చోట, పాత వల పరిచి దాని మీద ప్రింటరుని పెట్టి ఉంది. గంగాలమ్మ దాని ముందు గొంతుక్కూర్చుని, చీరకొంగుని సన్నగా మెలిపెట్టి లోపలికి దూర్చి, తడి ఉందేమోనని ఒత్తి ఒత్తి తుడుస్తోంది. ఆ ప్రింటరు ఎండిపోయి వారం దాటింది. తడెక్కడుంది? కొంగుకి పసుపు పొడి మాత్రం అంటుతోంది.

"పిన్నీ! ఏటి సేత్తన్నావు?"

"ఎండబెడతన్నానమ్మీ." గంగాలమ్మ తల ఎత్తలేదు. "ఎండితే ఆడు బాగుంటాడేమోని. ఇందులో ఉన్నాడటగా. నాకు తెల్దమ్మీ. నాకెవుల్లూ సెప్పలేదు. తెలిస్తే పోసుదునా? సముద్రం ఓపాలి ముంచీసినాది, నాను ఓపాలి ముంచీసినాను. కన్నతల్లిని నాను! నా సేత్తో నానే ముంచీసినాను!"

నెల రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది ఆమెకి. అదీ పేట పద్ధతిలో గొంతెత్తి ఏడ్చే ఏడుపు కాదు. నోట్లో కొంగు కుక్కుకుని, ఆ ప్రింటరు మీద వాలిపోయి ఏడ్చింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడిపోయారు. తను చల్లగా ఉంచుదామనుకున్న మనిషిని తనే ఇలా కాల్చిందే అని సూర్యకళకి తల బాదుకోవాలనిపించింది. ఇంట్లోకి పరుగెత్తి ఫోను తెచ్చింది.

"లేడు పిన్నీ, ఇందులో లేడు. ఇదిగో, ఇక్కడున్నాడు. నాను అబద్దం ఆడినాను. నీకోసరమే ఆడినాను. ఇదిగో సూడు నీ కొడుకు!"

గంగాలమ్మ కళ్ళు తుడుచుకుని ఫోనులోకి చూసింది. ఎండలో ఏమీ కనబడలేదు. సూర్యకళ తన కొంగు అడ్డం పట్టి నీడ చేసింది. నీలం గోడ, తెల్ల చొక్కా, బిగబట్టిన మూతి. గంగాలమ్మ వేలు చాచి ఆ చెంప ముట్టుకోబోయింది. వేలు తగలగానే బొమ్మ పక్కకి జారి ఇంకెవరిదో రేషను కార్డు వచ్చింది. సూర్యకళ వెనక్కి జరిపింది. మళ్ళీ కొడుకు. ముసలామె ఈసారి ముట్టుకోకుండా, రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చుంది. చూస్తుండగానే ఫోను ఆరిపోయింది.

"ఎల్లిపోనాడు," అంది గంగాలమ్మ.

"ఎల్లిపోలేదు పిన్నీ, ఇదిగో నొక్కితే..."

"ఒద్దమ్మీ. ఇది ఎలుగే గదా. సెయ్యెడితే గాజు తగుల్తంది, ఆడు తగలడు." ఆ తరవాత అన్న మాట సూర్యకళ కలలో కూడా అనుకోనిది. "కాయితం మీద సూపించు."

ఆ మధ్యాహ్నమే సూర్యకళ, సింహాద్రి కలిసి డాబాగార్డెన్సు వెళ్ళారు. నిన్న సాయంత్రం నుంచి ఇద్దరికీ మాటల్లేవు, ఆటోలో చెరో అంచుకి కూర్చున్నారు. షాపువాడు ఒక్కో ప్రింటరు చూపిస్తూ ఇది ఫోను నుంచే కొట్టేస్తుందండి, ఇది రెండు వైపులా కొడుతుందండి, ఇంకు ఏడాది దాకా చూసుకోనక్కర్లేదండి అని ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు.

"మనిషి మొహం తేటగా వస్తుందా?" అని అడిగింది సూర్యకళ. అదొక్కటే అడిగింది.

"పెళ్ళి ఫొటోలు కొట్టుకోండి మేడం, స్టూడియో ఎందుకూ పనికిరాదు! ఏం, ఇంట్లో ఫంక్షనా?"

సింహాద్రి మొహం తిప్పుకుని షాపు బయటికి వెళ్ళి నిలబడ్డాడు. "అవునండి," అంది సూర్యకళ.

కొత్త ప్రింటరు వస్తోందన్న కబురు పేటలో ముందే పాకింది. అట్టపెట్టె దించేసరికి ఇంటినిండా ఆడవాళ్ళు. గురువమ్మ అని, అన్నింటికీ ముందుండే మనిషి ఒకావిడ, పసుపు కుంకుమ గిన్నెలు పట్టుకుని సిద్ధంగా ఉంది. కొత్త బోటైనా, కొత్త వలైనా, కొత్త మిక్సీ అయినా బొట్టు పెట్టకుండా ముట్టుకునే అలవాటు ఆ పేటలో లేదు. ప్రింటరుకి ముందువైపు మూడు బొట్లు పెట్టారు. కొబ్బరికాయ మాత్రం సూర్యకళ గుమ్మం బయటే కొట్టించింది, నీళ్ళంటేనే ఆమెకి భయం పట్టుకుంది. ఇంకు సీసాలు ఒక్కోటీ వంచి పోసి, ప్లగ్గు పెట్టింది. లోపల అది చాలాసేపు ఏవేవో చప్పుళ్ళు చేసింది.

"మొదట సింహాద్రప్పన్న బొమ్మ తియ్యవే," అంది గురువమ్మ, ఫోనులో దేవుడి పటం చూపిస్తూ. "కొత్త మిషను బోణీ. పోయినోల్లది ముందు తియ్యకూడదు. ఆనక తీసుకుందురు."

దేవి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. పోయినోళ్ళు అన్న మాటకి కళ్ళు దించుకుంది. సూర్యకళ చెయ్యి ఫోను మీద ఆగిపోయింది.

"నా కొడుకుది ముందు తియ్యి," అంది గంగాలమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు. ముసలామె బల్ల పక్కన నిటారుగా నిలబడి ఉంది. "ఆడు పోలేదు గదా. బోణీకి అడ్డేటి? సిన్నవి తియ్యమ్మీ. బోటు కార్డుకి తీత్తావు సూడు, అలాటివి. ఒక్క కాయితం మీద శానా ఉంటాయే, అవి."

కార్డులకి తీసే ఫొటోలు ఒక్కో కాగితం మీద ఎనిమిదేసి వస్తాయి. బతికున్నవాళ్ళకే అవి. పోయినవాళ్ళు కాగితం నిండా ఒక్కరే వస్తారు. ఆ తేడా గంగాలమ్మకి ఎవరూ చెప్పలేదు, చూసి చూసి పట్టుకుంది. గురువమ్మ దేవుడి పటం ఉన్న ఫోను కిందికి దించేసింది. ఆ తల్లితో వాదించే గుండె అక్కడ ఎవరికుంది!

సూర్యకళ నొక్కింది.

కాగితం మెల్లగా బయటికొచ్చింది. ముందు నాలుగు తలలు, ఆ వెనక నాలుగు. ఎనిమిదిమంది గణేష్‌లు, ఎనిమిది బిగబట్టిన మూతులు. గంగాలమ్మ ఆ కాగితాన్ని అరచేతుల్లో పట్టుకుని కళ్ళ దగ్గరగా తెచ్చుకుంది.

"నవ్వుతన్నాడే! దొంగముండాకొడుకు, నవ్వకుండా ఒక్క ఫొటో దిగినాడేటి?" అని తనూ నవ్వింది. పక్కనున్నవాళ్ళకి చూపించింది. "కత్తెర ఇయ్యండే. ఇయన్నీ కోసి దాస్తాను. వచ్చినాక కార్డుకి కావాల గదా, పాతది నీళ్ళల్లో పోయుంటాది."

కత్తెర దేవి తీసుకుంది. అత్త చేతిలో కాగితం అందుకుని, నేల మీద కూర్చుని, ఒక ఫొటో కోసింది. రెండోది కోసింది. మూడోదాని దగ్గర కత్తెర ఆగిపోయింది.

"నావల్ల కాదత్తా," అంది.

"ఏటే?"

"నావల్ల కాదు. పొద్దున్న లేసి అద్దం కాడ నిలబడి బొట్టెట్టుకుంటన్నాను. ఎట్టుకుంటే అబద్దం ఆడినట్టుంది. తీసేద్దామంటే నానే సంపినట్టుంది. కంపెనీలో అందరూ నా నుదురే సూత్తన్నారు. నువ్వు కొడుకు కోసరం ఎదురు సూత్తన్నావు, నాకు అదీ లేదత్తా. తొలి రోజునే తెలిసిపోనాది నాకు. ఏడిత్తే నువ్వు తిడతావని ఏడవలేదు. నా మొగుడు పోతే నన్నోపాలి ఏడవనియ్యవా?"

సూర్యకళ గోడకి ఆనుకుని కన్నీళ్ళు తుడుచుకోవడం కూడా మానేసింది. బయట అరుగు మీద సింహాద్రి మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు.

గంగాలమ్మ దేవినే చూస్తూ ఉండిపోయింది. నెల రోజులుగా ఆమె సముద్రాన్ని చూసింది, గుమ్మాన్ని చూసింది, ప్రింటరుని చూసింది. ఇంట్లో పక్కనే పడుకునే పిల్ల మొహం మాత్రం ఇప్పుడే చూసింది. కళ్ళ కింద నల్లబడిపోయి, చెంపలు పీక్కుపోయి, పాతికేళ్ళు నిండని ఆ పిల్ల నలభై ఏళ్ళదానిలా ఉంది. గంగాలమ్మ వంగి కోడలి చేతిలోంచి కత్తెర తీసి పక్కన పెట్టింది. ఆమె తల నిమిరింది. చాలాసేపు అలా నిమురుతూనే ఉంది.

"అమ్మీ, సూర్యకళా," అంది చివరికి. "పెద్దది తియ్యి."

సూర్యకళకి వినబడింది గానీ వినబడనట్టే నిలబడింది.

"ఒక్కటే రావాల. కాయితం నిండా. దండెయ్యడానికి సరిపోవాల."

సూర్యకళ ఫోనులో ఎనిమిదిని ఒకటి చేసి నొక్కింది. పెద్ద ఫొటో కదా, ఆలస్యంగా వస్తుంది. ముందు నీలం గోడ వచ్చింది. తరవాత జుట్టు. నుదురు. గంగాలమ్మ బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కాగితం నేల మీద పడకుండా చీరకొంగు రెండు చేతులా పరిచి పట్టుకుంది. కళ్ళు వచ్చాయి. మూతి వచ్చింది. తెల్ల చొక్కా మీది బొత్తాలు వచ్చాయి. కాగితం జారి కొంగులో పడింది.

ఆమె దాన్ని తడి ఆరకుండానే గుండెకి హత్తుకుని లేచింది.

"వచ్చినావా నాన్నా," అంది. "సాల్లే తిరిగింది. పద, ఇంటికి పోదాం."